గీత ఎవరిది? – మన ప్రాంతంలో నమూనా పని చరిత్ర

పొదుపులు, అప్పులు, వసూళ్ళ లెక్కల తర్వాత ఒక పని గురించి రాసుకునే ఈ పేజీల్లో, ఈసారి మేము చెక్క మీద బొమ్మలు చెక్కే యంత్రం గురించి రాస్తున్నాము. దాన్ని సీఎన్‌సీ రూటర్ అంటారు. ఈ సంవత్సరం సమావేశాల్లో ఈ యంత్రం మాట చాలాసార్లు వచ్చింది. దానికోసం అప్పు అడుగుదామని కొందరు అంటున్నారు. వడ్రంగం, చెక్కడం పనుల మీద బతికే ఇళ్ళ సభ్యులేమో "అది వస్తే మా ఇంట్లో ఉలి మూలన పడతాది" అంటున్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. అందుకే తీర్మానం రాసేముందు ఈ పని ఎక్కడి నుంచి వచ్చింది, ఇందులో యంత్రం చేసేది ఎంత, మనిషి చేసేది ఎంత అనేది తెలుసుకుంటే మంచిదనిపించింది. మా చదువు పదో తరగతి దాకానే. కాబట్టి మాకు అర్థమైన మాటల్లోనే చెబుతాము.

యంత్రం ఫోటో చూడదు

ఇప్పుడు కొత్త ఇల్లు కట్టుకునేవాళ్ళు సింహద్వారానికి, పూజగది తలుపుకు ఏదో ఒక బొమ్మ కావాలంటారు. నెమలి, కలశం, లక్ష్మీదేవి, ఏనుగులు, ఇట్లాంటివి. ఫోన్‌లో ఒక ఫోటో చూపించి "ఇదే రావాలి" అంటారు. ఫోటో ఉంది కదా, యంత్రంలో పెడితే చెక్కేస్తాది అనుకుంటాం. అట్లా జరగదు.

ఫోటోలో నిజానికి గీతలు ఉండవు. అదంతా చిన్న చిన్న గళ్ళు. ఒక్కో గడికి ఒక్కో రంగు. ఆ గడిని పిక్సెల్ అంటారు, గళ్ళతో తయారైన బొమ్మను బిట్‌మ్యాప్ అంటారు. ఫోన్‌లో చిన్నగా చూసినప్పుడు నెమలి మెడ నున్నగా కనిపిస్తాది. అడ్డంగా 600 గళ్ళున్న బొమ్మను 600 మిల్లీమీటర్ల తలుపు మీద పరిస్తే ఒక్కో గడి ఒక మిల్లీమీటరు అవుతాది. అప్పుడు ఆ మెడ మెట్లు మెట్లుగా కనిపిస్తాది.

యంత్రానికి కావలసింది రంగు కాదు, దారి. ఎక్కడ దిగాలి, ఎటు పోవాలి, ఎంత లోతు, ఎక్కడ లేవాలి. ఆ దారిని అంకెల్లో రాసిన దాన్ని జీకోడ్ అంటారు. అందులో జీ0 అంటే కోయకుండా పైనుంచి వేగంగా పో అని. జీ1 అంటే కోస్తూ నేరుగా పో అని. జీ2, జీ3 అంటే కోస్తూ వంపు తిరుగు, ఒకటి గడియారం ముల్లు తిరిగే వైపు, ఇంకొకటి దానికి ఎదురు వైపు. ఈ మాటలు రాయాలంటే ముందు గీతలతో చేసిన బొమ్మ ఉండాలి. దాన్ని వెక్టర్ అంటారు. గళ్ళ బొమ్మను గీతల బొమ్మగా మార్చడమే ఈ పనిలో అసలు మెలిక.

మనకు ఇది తెలియని సంగతి కాదు. సంక్రాంతి నెలలో వాకిట్లో మనం చేసేది ఇదే. "11 చుక్కలు, 6 వచ్చేదాకా సందు చుక్క" అంటే చాలు, ఊరవతల ఉన్న చెల్లెలు కూడా అవే చుక్కలు పెడతాది. కానీ ఆ చుక్కల మీద ఒకరు తామరపూలు వేస్తారు, ఒకరు చిలకలు వేస్తారు, ఇంకొకరు మెలిక ముగ్గు తిప్పుతారు. చుక్కలు ఒకటే, ముగ్గులు వేరు. చుక్కల్లో గీత దాగి ఉండదు. గీత ఎక్కడ నడవాలో వేసేవాళ్ళు తేల్చుకోవాలి. ఈ వ్యాసంలో మేము చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతాది.

సూది చిల్లుల కాగితం

బొమ్మను ఒకచోట నుంచి ఇంకోచోటికి గీతగా దించే పని మన తీరంలో కొత్తగా వచ్చింది కాదు. నాయుడుపేటకు తూర్పున వాకాడు వైపు సముద్రం ఒడ్డున దుగరాజపట్నం ఉంది. 1626 ప్రాంతంలో ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు అక్కడ గిడ్డంగి పెట్టుకున్నారు, ఆ తర్వాత కోట కట్టుకున్నారు. వాళ్ళ కాగితాల్లో ఆ ఊరి పేరు ఆర్మగాన్. వాళ్ళు వచ్చింది ముఖ్యంగా బట్టల కోసం, అందులోనూ మన తీరం అద్దకం బట్టల కోసం. దానికి దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్ళు అంతకుముందే స్థిరపడ్డారు. ఆర్మగాన్‌లో పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే అనే ఆయన మంచి బట్ట ఇంకా చవగ్గా దొరికే చోటు వెతుక్కుంటూ దక్షిణానికి పోయి, 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర స్థలం పొందాడు. అదే తర్వాత మద్రాసు నగరం అయింది. అంటే మద్రాసు పుట్టడానికి ముందు ఆ బట్టల బేరం మన ఒడ్డునే జరిగింది.

బయటి దేశం బేరగాళ్ళు తమకు నచ్చిన పువ్వుల నమూనాలు పంపేవాళ్ళు. ఆ నమూనా కాగితం మీద ఉన్న బొమ్మ బట్ట మీదికి ఎట్లా వచ్చేది? దీన్ని చూసి రాసిపెట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు. కేర్దూ అనే ఫ్రెంచి పాద్రీ, తెలుగు బాగా నేర్చినవాడు. ఆయన 1742లో తన దేశానికి రాసిన ఉత్తరంలో మన వైపు అద్దకం పని వరస చెప్పాడు. బట్టను ఉతకడం, కరక్కాయ, గేదె పాలు పట్టించడం, ఆ తర్వాత బొమ్మ దించడం. బొమ్మ గీసిన కాగితానికి గీతల వెంబడి సన్నటి సూదితో చిల్లులు పొడుస్తారు. కాగితాన్ని బట్ట మీద పరిచి, బొగ్గు పొడి మూటతో రుద్దుతారు. చిల్లుల్లోంచి పొడి దిగి బట్ట మీద చుక్కల వరస పడతాది. ఆ చుక్కలను కలుపుతూ కలంతో గీత గీస్తారు.

మన సంఘాల్లో మగ్గం వర్క్ చేసే అక్కలు ఇది చదివి నవ్వుకుంటారు. ఎందుకంటే రవికె మీద డిజైన్ దించేటప్పుడు ఇప్పటికీ వాళ్ళు చేసేది అదే. ట్రేసింగ్ కాగితం మీద డిజైన్ గీయడం, సూదితో పొడవడం, కిరసనాయిల్‌లో కలిపిన పొడిని గుడ్డతో రుద్దడం. 280 ఏళ్ళ కిందట పాద్రీ రాసిన పని ఈరోజు మన వీధుల్లో కుట్టు మిషను పక్కన జరుగుతా ఉంది.

ఆ పనిలో ఒక తెలివి ఉంది. నెమలి ఈకలో ఎన్నో వెంట్రుకలు ఉంటాయి. అన్నిటికీ చిల్లులు పొడవరు. ఏ గీత ఉంటే నెమలి నెమలిగా కనిపిస్తాదో దానికే పొడుస్తారు. మిగతాది వదిలేస్తారు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది సూదికి తెలియదు, పట్టుకున్న చేతికి తెలుసు.

శ్రీకాళహస్తి కలంకారీలో కాగితం కూడా లేదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బట్ట మీద నేరుగా రూపం గీసి, వెదురు కలంతో దాని మీద నల్ల గీత పోస్తారు. దేవుళ్ళ కథలు, పురాణాలు అన్నీ ఆ గీతలోనే నడుస్తాయి. ఈ పని సన్నగిల్లిపోతున్న కాలంలో, 1957లో, శ్రీకాళహస్తిలో ప్రభుత్వం శిక్షణ కేంద్రం పెట్టింది. అక్కడ నుంచి వచ్చినవాళ్ళూ, వాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళూ దాన్ని నిలబెట్టారు. జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఈ రోజు శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పనిలో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు.

గళ్ళ కాగితం

నాయుడుపేటకు ఒకవైపు శ్రీకాళహస్తి గీత ఉంటే, ఇంకోవైపు వెంకటగిరి గడి ఉంది. నేతలో గీత కుదరదు. పడుగు, పేక రెండూ నిలువు, అడ్డం దారాలు. కాబట్టి బుటా ఏదైనా గళ్ళలోనే రావాలి. పాతకాలంలో ఆ బొమ్మ లెక్కంతా మగ్గానికి దారాలతోనే కట్టి ఉంచేవాళ్ళు. దాన్ని జాల అంటారు. తర్వాత జాకార్డు వచ్చింది.

ఫ్రాన్సులో లియాన్ అనే పట్టు ఊరిలో జోసెఫ్ మరీ జాకార్డ్ అనే ఆయన 1804 ప్రాంతంలో ఈ ఏర్పాటు చేశాడు. ముందు డిజైనును గ్రాఫ్ కాగితం మీద గళ్ళు నింపుతూ వేస్తారు. నింపిన గడి దగ్గర దారం లేవాలి, ఖాళీ గడి దగ్గర లేవకూడదు. దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొడతారు. అట్టల దండ మగ్గం మీద తిరుగుతా ఉంటే, చిల్లు ఉన్నచోట దారం లేస్తాది. కంప్యూటరులో బిట్‌మ్యాప్ అంటే ఇదే. మన వెంకటగిరి నేతగాళ్ళ ఇళ్ళలో కంప్యూటరు రాకముందే గళ్ళ బొమ్మ ఉంది.

జాకార్డు అట్ట వచ్చినప్పుడు లియాన్‌లో నేతగాళ్ళు భయపడ్డారు, కోపపడ్డారు. వాళ్ళ భయం ఉత్తది కాదు. మగ్గం పైన కూర్చుని దారాలు లాగే పిల్లల పని పోయింది. కానీ ఒక కొత్త పని పెరిగింది. గ్రాఫ్ మీద బొమ్మ వేసేవాళ్ళు, అట్ట కొట్టేవాళ్ళు కావాల్సి వచ్చారు. యంత్రం వచ్చినప్పుడల్లా ఇట్లానే జరుగుతా వచ్చింది. ఒక చేతి పని పోతాది, ఇంకో చేతికి పని వస్తాది. ఆ రెండో చెయ్యి ఎవరిది అన్నదే మనం చూసుకోవాల్సిన సంగతి.

చిల్లుల టేపు, కారు వంపు

జాకార్డు చిల్లుల అట్ట అక్కడితో ఆగలేదు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హాలరిత్ అనే ఆయన చిల్లుల కార్డులు వాడాడు. లెక్కల యంత్రాలన్నీ చాలా కాలం ఆ కార్డుల మీదే నడిచాయి.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో జాన్ పార్సన్స్ అనే ఆయనకు ఒక కర్మాగారం ఉండేది. హెలికాప్టర్ రెక్కల పని చేసేవాడు. రెక్క వంపు సరిగ్గా రావాలంటే ఆ వంపు మీద బోలెడు చుక్కలకు లెక్క కట్టాలి. ఆ లెక్కకు ఆయన చిల్లుల కార్డుల యంత్రం పెట్టాడు. వచ్చిన అంకెల పట్టిక చదువుకుంటా పనివాళ్ళు కోత యంత్రం పిడులు తిప్పేవాళ్ళు, ఒకరు ఇటు, ఒకరు అటు. అంకెలు చదివి పిడి తిప్పే పని యంత్రమే చేసుకుంటే పోలేదా అన్నది ఆయన ఆలోచన. అమెరికా వైమానిక దళం డబ్బు ఇచ్చింది, ఎంఐటీ అనే విద్యాసంస్థ పని చేసింది. 1952లో చిల్లుల కాగితం టేపు చదివి తనంతట తాను కోసే యంత్రాన్ని జనానికి చూపించారు. ఈనాటి సీఎన్‌సీ యంత్రాలకు అది పెద్దమ్మ లాంటిది. సీఎన్‌సీ అంటే కంప్యూటరు అంకెలతో నడిపే యంత్రం అని.

యంత్రానికి చుక్కలు ఇస్తే సరిపోదు, వంపు చెప్పాలి. ఈ చిక్కు కార్ల కంపెనీలకు వచ్చింది. ఫ్రాన్సులో సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో 1959లో ఒక దారి కనిపెట్టాడు, కంపెనీ దాన్ని రహస్యంగా ఉంచింది. 1960ల్లో రెనో కంపెనీలో పియెర్ బెజియే అదే రకం వంపును బయటికి తెచ్చాడు. అందుకే దానికి బెజియే వంపు అని పేరు పడింది. వంపుకు రెండు కొసలు, రెండు పిడులు ఉంటాయి. పిడి ఎటు లాగితే వంపు అటు సాగుతాది. ఇప్పుడు పెళ్ళి పత్రికలు, ఫ్లెక్సీలు చేసే షాపుల్లో పిల్లలు కంప్యూటరులో లాగే గీత అదే. అది పుట్టింది కాగితం మీద బొమ్మ కోసం కాదు, కారు రేకు అచ్చును యంత్రంతో కోయడం కోసం.

గళ్ళ నుంచి గీతను వెతికే పని కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. 1961లో హెర్బర్ట్ ఫ్రీమన్ ఒక పద్ధతి చెప్పాడు. నల్ల గళ్ళ అంచు వెంట చీమ నడిచినట్టు నడవాలి. ప్రతి అడుగూ ఎనిమిది దిక్కుల్లో ఏదో ఒకటి. ఆ దిక్కుకు 0 నుంచి 7 దాకా ఒక అంకె రాసుకుంటే చాలు, అంచు మొత్తం అంకెల వరస అవుతాది. అట్లా నడిస్తే వేల చుక్కలు పోగవుతాయి. 1973లో కెనడాలో డగ్లస్, ప్యూకర్ అనే ఇద్దరు మ్యాపుల పని కోసం, ఆకారం చెడకుండా అక్కరలేని చుక్కలు తీసేసే పద్ధతి రాశారు. సూది పట్టిన మన చెయ్యి ఎప్పటి నుంచో చేసే పనే అది.

1989లో కోరల్‌డ్రా వచ్చింది. 2001లో పీటర్ సెలింజర్ అనే ఆయన పోట్రేస్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ చేసి ఉచితంగా ఇచ్చాడు. నలుపు తెలుపు గళ్ళ బొమ్మ ఇస్తే అది నున్నటి వంపుల బొమ్మగా మారుస్తాది. 2003లో ఇంక్‌స్కేప్ వచ్చింది. అదీ ఉచితమే. అందులో ట్రేస్ బిట్‌మ్యాప్ అని నొక్కితే లోపల పని చేసేది పోట్రేస్. అంటే ఈ రోజు మామూలు కంప్యూటరు ఉన్న ఏ ఇంట్లోనైనా, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా ఈ పని మొదలుపెట్టవచ్చు. అప్పు గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

బటన్ ఎక్కడ ఆగుతాది

బటన్ నొక్కితే అంతా అయిపోతే ఇక మనిషితో పనేముంది అని అడగవచ్చు. మా సంఘంలో ఈ పని నేర్చుకున్న ఆడపిల్లల పక్కన కూర్చుని చూసినప్పుడు మాకు తెలిసినవి కొన్ని చెబుతాము.

మొదటిది, రెండు గీతల చిక్కు. కాగితం మీద పెన్సిలుతో ఒక్క తీగ గీస్తాం. ట్రేస్ చేస్తే దానికి అటు అంచు ఒకటి, ఇటు అంచు ఒకటి, రెండు గీతలు వస్తాయి. కంప్యూటరుకు పెన్సిలు గీత ఒక సన్నటి పొలం గట్టు లాంటిది, గట్టుకు రెండు వైపులా నడుస్తాది. అట్లానే యంత్రానికి ఇస్తే తీగ రెండుసార్లు కోస్తాది. అక్కడ నడిమి గీత ఒక్కటే తీయించాలి, లేదంటే చేత్తో కొత్తగా గీయాలి.

రెండోది, దుమ్ము. ఫోటోలో నీడలు, మచ్చలు ఉంటాయి. అవీ చిన్న చిన్న ముక్కలుగా ట్రేస్ అవుతాయి. యంత్రం వాటిని కూడా నమ్మకంగా చెక్కుతాది. అమ్మవారి బుగ్గ మీద గుంట పడితే ఆ తలుపు ఎవరు తీసుకుంటారు?

మూడోది, మూయని గీతలు. ఆకు లోపలంతా లోతు తీయాలంటే ఆకు గీత మొదలైన చోటే వచ్చి కలవాలి. వెంట్రుకంత సందున్నా లోపల ఏది, బయట ఏది అని యంత్రానికి తెలియదు. మెలిక ముగ్గు వేసేవాళ్ళకు ఈ పట్టింపు ముందు నుంచీ ఉంది. గీత వచ్చి కలవకపోతే అది ముగ్గే కాదంటాం.

నాలుగోది, బిట్ మందం. కోసే బిట్ గుండ్రంగా తిరుగుతాది. 6 మిల్లీమీటర్ల బిట్ లోపలి మూలలోకి పూర్తిగా పోలేదు, అక్కడ 3 మిల్లీమీటర్ల గుండ్రం మిగులుతాది. బయటి అంచు కోసేటప్పుడు గీతకు 3 మిల్లీమీటర్లు అవతల నడవాలి, లేకపోతే ముక్క చిన్నదైపోతాది. సన్నటి మొనలు కావాలంటే వీ ఆకారం బిట్ పెట్టాలి. గీత గీసేటప్పుడే ఏ బిట్ అన్నది మనసులో ఉండాలి.

అయిదోది, జాలీ. పూజగది తలుపుకు ఆరపార కోసే జాలీలో చుట్టూ కోసిన ముక్క ఊడి కింద పడతాది. పువ్వు మధ్యలో బొడ్డు నిలవాలంటే దాన్ని రేకులకు ఎక్కడో ఒకచోట అంటి ఉంచాలి. మన తోలుబొమ్మలు చూడండి. అనంతపురం వైపు నిమ్మలకుంట కళాకారులు తోలుకు ఎన్ని చిల్లులు కొట్టినా నగ ఊడిపోదు, కిరీటం ఊడిపోదు. చిల్లుకూ చిల్లుకూ మధ్య ఎంత తోలు వదలాలో వాళ్ళకు తెలుసు. జాలీ గీసే పిల్లలకు తోలుబొమ్మను చూపించి నేర్పితే తొందరగా అర్థమవుతాది.

వీటిలో ఏదీ బటన్ తేల్చలేదు. అందుకే బాగా వచ్చిన తలుపు వెనక ఎవరో ఒకరు ట్రేస్ అయిన బొమ్మ ముందు కూర్చుని, అక్కరలేని చుక్కలు తీసి, విరిగిన గీత కలిపి, వంపు సరిచేసి ఉంటారు. లేదంటే ఫోటోను అడుగున పెట్టుకుని దాని మీద మొత్తం కొత్తగా గీసి ఉంటారు. ఆ పని పేరు బిల్లులో ఉండదు. కోతకు ఇంత, చెక్కకు ఇంత, పాలిష్‌కు ఇంత అని ఉంటాది. గీతకు ఇంత అని ఉండదు.

ఉలి ఇళ్ళ సంగతి

ఇప్పుడు భయం సంగతికి వద్దాం. శ్రీకాళహస్తి నుంచి రేణిగుంట పోయే వైపు, ఏర్పేడు మండలంలో మాధవమాల అని ఊరు ఉంది. చెక్కతో దేవతా విగ్రహాలు చెక్కడానికి పేరు పడ్డ ఊరు. తరతరాలుగా అక్కడ ఇళ్ళలో అదే పని. నెల్లూరు జిల్లా పడమటి కొస ఉదయగిరిలో కొండ చెక్కలతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చేస్తారు. ఆ పనిలో ఎక్కువమంది ఆడవాళ్ళే, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

గీతల బొమ్మతో యంత్రం బాగా చేసేవి ఏమిటంటే అంచు కోత, జాలీ, అక్షరాలు, సమమైన లోతు ఉన్న పువ్వులు. విగ్రహం అట్లా కాదు. ముక్కు ఎత్తు, బుగ్గ నునుపు, కన్ను లోతు అన్నీ వేరు. దానికి గీత చాలదు, ప్రతి చోటా లోతు ఎంతో చెప్పే వేరే రకం ఫైలు కావాలి. అదీ ఇప్పుడు చేస్తున్నారు. అలాంటి ఫైళ్ళు కొనుక్కోవచ్చు. అందువల్లే ఊరు మారినా ఒకే లక్ష్మీదేవి, ఒకే ఏనుగులు, ఒకే నెమలి తలుపుల మీద కనిపిస్తున్నాయి. మాధవమాల చేతిలో అయితే రెండు విగ్రహాలు అచ్చం ఒకేలా ఉండవు.

మాకు అంతకంటే పెద్దగా అనిపించే సంగతి ఇంకొకటి ఉంది. ఒక శిల్పి నెలల తరబడి చెక్కిన పని ఫోటోను ఎవరైనా ఫోన్‌లో తీసి, ట్రేస్ చేసి, ఎన్ని తలుపుల మీదైనా కోసుకోవచ్చు. ఆ శిల్పికి ఒక్క పైసా రాదు, పేరు కూడా రాదు. మన దేశంలో భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో చేశారు, 2003 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. అది ముఖ్యంగా పేరును కాపాడుతాది. యంత్రంతో చేసిన గరిటెను ఉదయగిరి గరిటె అని అమ్మడానికి లేదు. కొత్త ఆకృతి చేసినవాళ్ళు 2000 సంవత్సరం డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకుంటే 10 ఏళ్ళు, పొడిగిస్తే ఇంకో 5 ఏళ్ళు హక్కు ఉంటాది. ఉలి పట్టే ఇళ్ళలో ఇది చాలామందికి ఎవరూ చెప్పలేదు.

కాబట్టి ఉలి ఇంటి అక్కలు భయపడేది యంత్రం గురించి మాత్రమే అనుకోకూడదు. గీత వాళ్ళ ఇంట్లో పుట్టి, డబ్బు ఇంకో ఇంటికి పోవడం గురించి. మరి వాళ్ళ ఇంట్లోనే ఆ గీతను కంప్యూటరులో పెట్టే చెయ్యి ఉంటే? నెమలి మెడ ఎక్కడ తిరగాలో, ఏ గీత తీసేస్తే ముఖం చెడుతాదో చిన్నప్పటి నుంచి చూసినవాళ్ళు వాళ్ళే. మౌస్ పట్టడం కొన్ని వారాల్లో వస్తాది. ఆ చూపు రావడానికి ఏళ్ళు పడతాది.

సమాఖ్య ముందు పెడుతున్న మాటలు

1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటం తర్వాత మన నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు రోజుకో రూపాయి దాచడం మొదలుపెట్టారు. దాన్నే పొదుపు లక్ష్మి అన్నారు. 2022లో మన నాయుడుపేట తిరుపతి జిల్లాలోకి మారినా ఆ చరిత్ర మనదే. ఆ కాలంలో మా అమ్మలు నేర్చుకున్న మొదటి పాఠం డబ్బు దాచడం ఒక్కటే కాదు, లెక్క పుస్తకం మనమే రాసుకోవాలని. పుస్తకం వేరేవాళ్ళ చేతిలో ఉంటే డబ్బు మనదైనా మాట మనది కాదు. యంత్రం విషయంలో లెక్క పుస్తకం లాంటిది ఈ గీత.

అందుకని మేము మూడు మాటలు పెడుతున్నాము. యంత్రానికి అప్పు కంటే ముందు గీత పనికి శిక్షణ పెట్టాలి. కంప్యూటరు, ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నేర్చుకుని, కోతను ఇప్పటికే యంత్రం ఉన్న షాపులో కూలికి చేయించుకోవచ్చు. పని నిలకడగా వస్తా ఉందని మన పుస్తకాల్లో కనిపించిన రోజు యంత్రం అప్పు మాట్లాడుకోవచ్చు. యంత్రం కొన్న నెల నుంచే కంతు కట్టాలి, గీత నేర్చుకోవడానికి కంతు లేదు.

రెండో మాట, ఆ శిక్షణలో మొదటి చోటు వడ్రంగం, చెక్కడం ఇళ్ళ సభ్యులకూ, వాళ్ళ ఆడపిల్లలకూ ఇవ్వాలి. ఆ తర్వాత మగ్గం వర్క్, ముగ్గు, కలంకారీ చేతులు ఉన్నవాళ్ళకు.

మూడో మాట, మన సంఘాల నుంచి వెళ్ళే ప్రతి బిల్లులో గీతకు వేరే వరస ఉండాలి, గీసిన సభ్యురాలి పేరు మన పుస్తకంలో ఉండాలి. బతికున్న శిల్పి పని ఫోటో చూసి గీయాల్సి వస్తే ముందు వాళ్ళను అడిగి, ఒప్పుకుంటే వాళ్ళ వాటా రాసుకుని గీయాలి. ఒప్పుకోకపోతే ఆ పని వదులుకోవాలి. మన ముగ్గుల్లో, మన తీరం పాత అద్దకాల తీరులో కావలసినన్ని పువ్వులున్నాయి.

ఈ మాటలతో ఏకీభవించని అక్కలూ ఉన్నారు. శిక్షణ అంటూ కూర్చుంటే పక్క ఊరివాళ్ళు యంత్రం పెట్టి పని లాగేసుకుంటారని వాళ్ళ వాదన. అదీ ఆలోచించాల్సిందే. వచ్చే సమావేశానికి ముందు ప్రతి సంఘంలో ఈ వ్యాసం చదివించి, తమ అభిప్రాయం తీర్మానం పుస్తకంలో రాసి పంపమని కోరుతున్నాము. చదవడం రాని సభ్యులకు పక్కనున్నవాళ్ళు చదివి వినిపించాలి. ఉలి పట్టే ఇంటి అక్క ఏమన్నదో మాత్రం తప్పకుండా రాయండి.